మేం వెళ్లే చోట్లను మమ్మల్ని అడిగి గుర్తుపెట్టుకోండి: మ్యాపుల ఇంజినీర్లకు ఒక నర్సు బహిరంగ లేఖ

హైదరాబాద్‌లో మ్యాపుల మీద, లొకేషన్ మీద పనిచేస్తున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం.

నేను కోస్తాలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. ఉద్యోగంలో చేరి ఇరవై రెండేళ్లు దాటింది. మొదట ప్రసూతి వార్డు, తర్వాత క్యాజువాలిటీ, ఇప్పుడు తొమ్మిదేళ్లుగా ఏఆర్‌టీ సెంటర్. హెచ్ఐవీ ఉన్నవాళ్లకు మందులిచ్చే చోటు అది. మన దేశంలో ఈ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైంది. అంతకుముందు ఈ జబ్బుతో వార్డుకు వచ్చినవాళ్లు ఎలా పోయారో మా సీనియర్ సిస్టర్లు చెబుతుంటే వినేదాన్ని. ఇప్పుడు చాలామందికి రోజుకు ఒక్క మాత్ర చాలు. మానకుండా వేసుకుంటే మనిషి మామూలుగా పని చేసుకుంటాడు, పిల్లల్ని చదివించుకుంటాడు, మనవల్ని ఎత్తుకుంటాడు. మానకుండా వేసుకోవడమే కష్టం. అందుకోసం వాళ్లు తప్పకుండా మా గది దాకా రాగలగాలి.

మా గది ఎలా ఉంటుందో కొంచెం చెప్పనివ్వండి. బయట బోర్డు చిన్నది. లోపలికి అడుగుపెట్టే ముందు ఎవరైనా ఒకసారి అటూ ఇటూ చూస్తారు. కొందరు ముఖానికి చున్నీ కట్టుకుని వస్తారు. కొందరు హెల్మెట్ తీయకుండానే వరసలో నిలబడతారు. సీసా చేతికి అందగానే దాని మీది కాగితం గీకేస్తారు. బ్యాగులో మాత్రలు గలగలమనకుండా సీసాలో దూది కుక్కుతారు. సాయంత్రం మా చెత్తబుట్టలో ఆ కాగితం ముక్కలే ఎక్కువ. సొంత జిల్లాలో సెంటర్ ఉన్నా, అక్కడ తెలిసినవాళ్లు కనబడతారని రెండు బస్సులు మారి మా దగ్గరికి వచ్చేవాళ్లు ఉన్నారు.

మా వైపు నుంచి కూడా జాగ్రత్తలు ఉంటాయి. రిజిస్టర్లు బీరువాలో పెట్టి తాళం వేస్తాం. పేరు గట్టిగా పిలవం. బయట సంతలోనో, పెళ్లిలోనో మా పేషెంటు ఎదురైతే ముందుగా మేం పలకరించం. వాళ్లు పలకరిస్తే సరే. లేదంటే ముక్కూమొహం తెలియనట్టు పక్కనుంచి వెళ్లిపోతాం. కొత్తగా ఈ సెంటర్‌కు వచ్చిన ప్రతి సిస్టర్‌కూ మేం మొదట చెప్పేది ఇదే.

ఇప్పుడు మీతో చెప్పాల్సిన సంగతికి వస్తాను. ఆమెను అడిగి, ఆమెను గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చి రాస్తున్నాను.

ఆమె బట్టలు కుడుతుంది. ఊరు మాకు దాదాపు డెబ్భై కిలోమీటర్లు. భర్త పోయాడు. ఒక్క కొడుకు, ఇంటర్ చదువుతున్నాడు. నెలకోసారి లైనింగు గుడ్డ, దారాలు, హుక్కులు తెచ్చుకోవడానికి టౌన్‌కు వెళ్తున్నానని ఇంట్లో చెప్పి బయల్దేరేది. నిజంగానే అవి కొనేది కూడా, మా దగ్గర మందులు తీసుకున్న తర్వాత. ఏడేళ్లు ఒక్క నెల తప్పలేదు. ఆమె చేతిలో ఉన్నది కొడుకు వాడేసి పక్కన పెట్టిన పాత ఫోను. అందులో ఉన్న అకౌంటు కూడా వాడిదే. ఆమెకు ఆ సంగతి తెలియదు, తెలిసినా దాని అర్థం తెలిసేది కాదు.

ఒక సాయంత్రం ఆ పిల్లాడి కొత్త ఫోనులో ఒక మెసేజ్ వచ్చింది. “మీరు వెళ్లిన ఈ చోటు ఎలా ఉంది? మీ అభిప్రాయం చెప్పండి” అని. కింద మా సెంటర్ పేరు. దాని కింద ఐదు నక్షత్రాలు. పిల్లాడు ఆ రోజు కాలేజీ దాటి ఎక్కడికీ వెళ్లలేదు. ఇదేంటని తేదీలు వెనక్కి తిప్పి చూశాడు. నెలనెలా అదే చోటు, అదే పొద్దుటి వేళ. ఏఆర్‌టీ అంటే ఏమిటో ఫోనునే అడిగి తెలుసుకున్నాడు.

ఆమె రెండు నెలలు రాలేదు. మా వాళ్లు ఫోన్ చేస్తే స్విచాఫ్. ఇంటికి వెళ్లి పలకరించే వీలు లేదు, వెళ్తే ఊరంతా అడుగుతుంది. మందు మధ్యలో ఆగితే వైరస్ మళ్లీ పెరుగుతుంది, ఆ మందుకు లొంగని రకంగా మారే ప్రమాదమూ ఉంది. మూడో నెల వచ్చినప్పుడు మనిషి బాగా చిక్కిపోయింది. ఏమైందమ్మా అంటే చాలాసేపు మాట్లాడలేదు. చివరికి చెప్పింది. “వాడు నన్ను ఒక్క మాట కూడా అనలేదు సిస్టర్. కంచం, గ్లాసు విడిగా పెట్టుకున్నాడు.”

కలిసి తింటే ఈ జబ్బు అంటదని ఆ పిల్లాడికి చెప్పడానికి మాకు ఇంకో నాలుగు నెలలు పట్టింది. కొడుక్కి ఎప్పుడు, ఎలా చెప్పాలా అని ఆమె ఏడేళ్లుగా మా కౌన్సెలర్‌తో మాట్లాడుతోంది. వాడి ఇంటర్ పరీక్షలు అయిపోనిద్దామని అనుకున్నారు. ఆ రోజును ఆమె ఎంచుకోవాల్సింది. మేం రోడ్డు మీద కనబడినా ముందుగా పలకరించం. మీలాంటి వాళ్లు రాసిన ప్రోగ్రాం ముందుగా పలకరించేసింది.

అది ఏ యాప్ అన్నది రాయను. ఒక యాప్ తీసేసి ఇంకోటి పెట్టుకుంటే తీరే బాధ కాదిది.

మిమ్మల్ని తిట్టడానికి నేను ఈ లేఖ మొదలుపెట్టలేదు. 2016 మే నెలలో ఆపిల్ తన మ్యాపుల పని కోసం హైదరాబాద్‌లో ఆఫీసు తెరిచిందని పేపర్లో చదివి మా ఇంట్లో అందరం సంబరపడ్డాం, మా అక్క కొడుక్కి అలాంటి చోట ఉద్యోగం రావాలని. గూగుల్‌కు కూడా అక్కడ పెద్ద ఆఫీసు ఉంది. ప్రపంచమంతా చూసుకునే మ్యాపులో మన పిల్లల చెయ్యి ఉందంటే నాకు నిజంగా గర్వం. అర్ధరాత్రి కాన్పు కేసు తీసుకొస్తున్న అంబులెన్సు డ్రైవరు దారి తప్పకుండా రావడం మీ పని వల్లే. అందుకే నా మాట మీరు వింటారని రాస్తున్నాను.

ఈ సంగతి జరిగాక మా అక్క కొడుకును కూర్చోబెట్టి అడిగాను, అసలు ఫోనుకు ఎలా తెలిసింది రా అని. వాడు వేరే కంపెనీలో సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు. “పిన్నీ, నువ్వు ఎటు వెళ్లావన్నది కాదు, ఎక్కడ ఆగావన్నది ఫోనుకు ముఖ్యం” అన్నాడు. వాడు చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తాను, తప్పుంటే మీరే సరిదిద్దండి.

ఫోను రోజంతా చుక్కలు పెడుతూ ఉంటుంది. ఆరుబయట ఉంటే ఉపగ్రహాల నుంచి వచ్చే సిగ్నల్‌తో. గోడల మధ్యకు వెళ్తే ఆ సిగ్నల్ బలహీనపడుతుంది, అప్పుడు చుట్టుపక్కల ఉన్న వైఫై పెట్టెలతో, సెల్ టవర్లతో. ప్రతి వైఫై పెట్టెకూ ఒక సొంత నంబరు ఉంటుంది, దాన్ని చుట్టూ ప్రకటిస్తూనే ఉంటుంది. మనం దానికి కనెక్ట్ కాకపోయినా, పాస్‌వర్డ్ తెలియకపోయినా ఫోను ఆ నంబరు వినగలదు. మనిషి నడుస్తున్నాడా, బండి మీద ఉన్నాడా, కదలకుండా కూర్చున్నాడా అన్నది లోపలి సెన్సర్లు చెబుతాయి. కదిలినంతసేపు చుక్కలు దూరందూరంగా పడతాయి. ఆగితే ఒకచోట గుంపుగా పడతాయి. ఆ గుంపు కొన్ని నిమిషాలకు మించి ఉంటే అది ఒక మజిలీ. అదే మజిలీ మళ్లీ మళ్లీ వస్తే అది మనకు ‘ముఖ్యమైన చోటు’. రాత్రుళ్లు ఉండేది ఇల్లు, వారంలో పగటిపూట ఉండేది ఆఫీసు అని అంచనా వేసుకుంటుంది. మిగిలినవాటిని మ్యాపులోని పేర్లతో జోడిస్తుంది. మా ఆసుపత్రి ఇప్పుడు మ్యాపులో ఒక్క గుర్తుగా లేదు. ఓపీ, బ్లడ్ బ్యాంకు, ఏఆర్‌టీ, దేనికది విడిగా పేరుతో ఉంది. ఎవరు పెట్టారో మాకు తెలియదు.

ఇంత తెలివైన పని ఎప్పుడు మొదలైందా అని వాడు పాత పరిశోధనలు వెతికి నాకు చదివి వినిపించాడు. అందులో ఒకటి విన్నప్పుడు నాకు ఈ లేఖ రాయాలనిపించింది.

2000 సంవత్సరంలో అమెరికాలో ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో నటాలియా మర్మాసే, క్రిస్ ష్మాంట్ అనే ఇద్దరు ‘కామోషన్’ అని ఒకటి తయారుచేశారు. అప్పట్లో జీపీఎస్ ఇంటి లోపల పనిచేసేది కాదు. ఆ లోపాన్నే వాళ్లు గుర్తుగా వాడుకున్నారు. ఒకే చోట మళ్లీ మళ్లీ సిగ్నల్ పోతోందంటే మనిషి అక్కడ ఏదో భవనంలోకి వెళ్తున్నట్టు. ఆ తర్వాత అది ఏం చేసేదో వినండి. ఆ మనిషినే అడిగేది, ఈ చోటును ఏమని పిలవమంటావు అని. ఇల్లు అనవచ్చు, ఆఫీసు అనవచ్చు, కిరాణా కొట్టు అనవచ్చు. ఇది పట్టించుకోవద్దు అని కూడా చెప్పవచ్చు.

పట్టించుకోవద్దు అని చెప్పే వీలు మొట్టమొదటి రోజుల్లోనే ఉంది. దాన్ని కొత్తగా కనిపెట్టమని నేను మిమ్మల్ని అడగడం లేదు.

ఆ తర్వాత ఏమైందంటే పని చురుకైంది. 2002లో అమెరికాలోనే జార్జియా టెక్ అనే యూనివర్సిటీలో డేనియల్ ఆష్‌బ్రూక్, థాడ్ స్టార్నర్ జీపీఎస్ చుక్కల నుంచి ముఖ్యమైన చోట్లను తీసి, ఒక చోటి తర్వాత మనిషి ఎటు వెళ్తాడో కూడా లెక్కగట్టారు. వాళ్లు పెట్టుకున్న హద్దు 10 నిమిషాలు. 2005లో సియాటిల్‌లోని ఇంటెల్ పరిశోధకులు వైఫై, సెల్ టవర్ సిగ్నళ్లతోనే చోట్లను గుర్తుపట్టే పద్ధతి చూపించారు. అప్పటిదాకా ఉన్న పద్ధతులు అరుదుగా వెళ్లే చోట్లను, కాసేపే ఆగే చోట్లను సరిగ్గా పట్టుకోలేకపోయేవట. వాళ్ల పద్ధతి, మనిషి తిరిగి ఒక్కసారే వెళ్లిన చోటును, లేదా 10 నిమిషాల కంటే తక్కువసేపు ఆగిన చోటును కూడా 63 శాతం కచ్చితంగా గుర్తుపట్టింది. రెండుసార్లు వెళ్తే 80 శాతం.

చదువుకున్నవాళ్లకు ఇది విజయమే, కాదనను. కానీ నాకు ఆ అంకెలు వింటుంటే మా గది బయట బెంచీ కనబడింది. నెలకోసారి వచ్చి, చీటీ ఇచ్చి, మందు తీసుకుని పావుగంటలో వెళ్లిపోయేవాళ్లు. అరుదుగా వెళ్తారు, కాసేపే ఆగుతారు. ఎవరి కంటా పడకూడదని ఎంచుకున్న పద్ధతి అది. ఆ పద్ధతిని కూడా పట్టుకోగలగడం కోసమే ఇరవై ఏళ్లుగా ఇంత శ్రమ జరిగింది. ఈ శ్రమలో అడగడం అన్న పని ఎక్కడో జారిపోయింది. అడిగితే మనుషులు విసుక్కుంటారనో, జవాబు చెప్పరనో తీసేసి ఉంటారు. మా ఓపీలో కూడా రోజుకు వందల మందిని అవే ప్రశ్నలు అడుగుతాం. విసుక్కుంటారు. అయినా అడగకుండా సూది వెయ్యం.

‘ముఖ్యమైన చోటు’ అన్న మాట గురించి కూడా ఒకటి చెప్పాలి. నేను క్యాజువాలిటీలో ఉన్నప్పుడు వరసగా నైట్ డ్యూటీలు. నా ఫోను ఆసుపత్రినే మా ఇల్లు అనుకుంది. పొద్దున్నే ఇంట్లో పిల్లలకు క్యారేజీ కడుతుంటే “ఇంటికి 25 నిమిషాలు, ట్రాఫిక్ తక్కువగా ఉంది” అని చూపించేది. అప్పుడు పట్టించుకోలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, ఈ లెక్క ఎవరి బతుకును చూసి రాశారా అనిపిస్తుంది. రాత్రి పడుకుని పగలు పనిచేసేవాళ్లను చూసి రాశారు. వాచ్‌మన్లు, నైట్ సర్వీసు బస్సు డ్రైవర్లు, స్టీల్ ప్లాంటులో షిఫ్టులు చేసేవాళ్లు, తెల్లవారుజామున వేటకు వెళ్లేవాళ్లు ఆ లెక్కలో లేరు.

మా పుట్టింటికి నేను ఏడాదికోసారి సంక్రాంతికి వెళ్తాను. మూడు రోజులు. కరెంటు పోతే సెల్ సిగ్నల్ కూడా పోయే ఊరు అది. నా ఫోను దృష్టిలో అది ముఖ్యమైన చోటు కాదు. పనికి వెళ్లేటప్పుడు నేను రోజూ బస్సు కోసం నిలబడే కూడలి మాత్రం ముఖ్యం. మా అమ్మను దహనం చేసిన గట్టుకు నేను జీవితంలో రెండుసార్లు వెళ్లాను. ఒక చోటు ఎంత ముఖ్యమో ఎన్నిసార్లు, ఎంతసేపు అన్న లెక్కతో తేలదు. మీ ప్రోగ్రాం లెక్కపెట్టేది అలవాటును. అలవాటును అలవాటు అనే పిలవండి. దానికి ‘ముఖ్యం’ అని పేరు పెట్టడంతోనే, ఈ మనిషి సంగతి నాకు తెలుసు, నేను మాట్లాడవచ్చు అన్న ధైర్యం ఆ యంత్రానికి వస్తోంది.

ఇంకో పొరపాటు, ఒక ఫోను అంటే ఒక మనిషి అనుకోవడం. మా దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో చాలామంది చేతిలో ఉన్నది కొడుకు వాడి వదిలేసిన ఫోను, లేదా భర్తది. సిమ్ము ఒకరి పేరున, అకౌంటు ఒకరిది, వాడేది ఇంకొకరు. పాస్‌వర్డ్ సెల్ షాపు కుర్రాడికి తెలుసు, ఎందుకంటే పెట్టిందే అతను. కుదిరితే ఒక నెల మీ సెలవులు మన ఊళ్లలో గడిపి, ఇంట్లో ఫోను ఎన్ని చేతులు మారుతుందో చూడండి.

పేర్లు తీసేసి దాస్తున్నాం, అంకెలే తప్ప మనుషులు కనబడరు అని మీ కంపెనీలు చెబుతాయి. 2013లో ఒక యూరప్ దేశంలో 15 లక్షల మంది సెల్‌ఫోన్ వాడకాన్ని 15 నెలల పాటు పరిశీలించిన పరిశోధన వచ్చింది. మనిషి ఏ గంటకు ఏ టవర్ దగ్గర ఉన్నాడో అలాంటివి నాలుగు తెలిస్తే చాలు, 95 శాతం మందిని మిగతావాళ్లలోంచి వేరు చేసి పట్టుకోవచ్చని తేలింది. నాలుగు అంటే మా పేషెంటుకు నాలుగు నెలలు.

ఈ సమాచారం అమ్ముకునేవాళ్లూ ఉన్నారు. 2024 జనవరిలో అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అలాంటి ఒక వ్యాపార సంస్థపై చర్య తీసుకుంది. ఆసుపత్రులు, ప్రార్థన మందిరాలు, హింస తప్పించుకుని వచ్చిన ఆడవాళ్లు తలదాచుకునే ఇళ్లు, ఇలాంటి చోట్ల లొకేషన్ అమ్మకూడదని కట్టడి చేసింది. చోట్లలో సున్నితమైనవి వేరుగా ఉంటాయని అక్కడ ఒప్పుకున్నారు.

మన దగ్గర చట్టం లేదా అంటే ఉంది. హెచ్ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. ఒకరి హెచ్ఐవీ సంగతి వారి అనుమతి లేకుండా ఇంకొకరికి వెల్లడించకూడదని అందులో స్పష్టంగా రాశారు. మేం బీరువాకు తాళం వేసేది ఆ చట్టం ప్రకారమే. నేను నోరు జారితే నా ఉద్యోగం పోతుంది. ఆ పిల్లాడి ఫోనుకు వచ్చిన మెసేజ్ ఈ చట్టం కిందికి వస్తుందా రాదా అన్నది వకీళ్లు చెప్పాలి. కానీ చట్టం ఎవరిని కాపాడాలనుకుందో ఆ మనిషికి దెబ్బ తగిలిన మాట నిజం.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఆరోగ్యం, లొకేషన్ లాంటివి సున్నితమైనవి అని వేరుగా చూడలేదు. అది నాకు పెద్ద లోటుగానే అనిపిస్తుంది, ప్రభుత్వానికి వేరుగా రాస్తాను. కానీ అదే చట్టంలో ఒక మంచి మాట ఉంది. అనుమతి అడిగేటప్పుడు ఇంగ్లీషులోనే కాకుండా, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా చదువుకునే వీలు ఇవ్వాలి. అనుమతి ఇవ్వడం ఎంత సులువో, వెనక్కి తీసుకోవడమూ అంత సులువుగా ఉండాలి. తెలుగు ఆ షెడ్యూలులో ఉంది. ఫోనును తెలుగులో పెట్టి మా అక్క కొడుకు నాకు ఆ సెట్టింగులు చూపించాడు. ప్రతి మాటా తెలుగే, వాక్యం మాత్రం నాకు అర్థం కాలేదు. నేను జీఎన్ఎం, అంటే నర్సింగ్ డిప్లొమా, చదివినదాన్ని. బట్టలు కుట్టే ఆమె ఏం చేస్తుంది?

2024 జులై 8న మన సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. మాదకద్రవ్యాల కేసులో ఒక ముద్దాయికి బెయిల్ ఇస్తూ, అతను ఎక్కడున్నదీ దర్యాప్తు అధికారికి తెలిసేలా గూగుల్ మ్యాపులో పిన్ పెట్టాలని కింది కోర్టు షరతు విధించింది. ముద్దాయి ఎక్కడెక్కడ తిరుగుతున్నాడో పోలీసులు నిరంతరం చూసేలా చేసే షరతు అతని గోప్యత హక్కుకు విరుద్ధమని కోర్టు దాన్ని కొట్టేసింది. కేసులో ఉన్న మనిషికే ఆ మర్యాద ఉంది. మా పేషెంట్లు ఏ నేరమూ చేయలేదు.

మీరు చేసిన మంచి పనులు నాకు తెలియకపోలేదు. ఐఫోనులో ముఖ్యమైన చోట్ల సమాచారం కంపెనీ కూడా చదవలేనట్టు తాళం వేసి ఉంటుందని విన్నాను. గూగుల్ 2022 జులైలో, గృహహింస బాధితుల ఆశ్రయాలు, కౌన్సెలింగ్ సెంటర్లు, వ్యసన విముక్తి కేంద్రాల లాంటి చోట్లకు వెళ్లిన సంగతిని లొకేషన్ చరిత్రలోంచి వెంటనే చెరిపేస్తామని చెప్పింది. 2023 డిసెంబరులో, ఆ చరిత్రను తమ కంప్యూటర్లలో కాకుండా ఎవరి ఫోనులో వారికే ఉంచుతామని ప్రకటించింది. ఇవన్నీ నిజంగా మేలు చేసేవి. అంటే మీరు అనుకుంటే చేయగలరు.

కాబట్టి ఇంకొంచెం ముందుకు రమ్మని అడుగుతున్నాను. చెరిపేసే చోట్ల జాబితా అమెరికా అవసరాలు చూసి రాసినట్టుంది. దానికి మన పేర్లు కలపండి. ఏఆర్‌టీ సెంటర్, హెచ్ఐవీ పరీక్ష చేసే ఐసీటీసీ, సుఖవ్యాధులు చూసే సురక్షా క్లినిక్, టీబీ మందులిచ్చే కేంద్రం, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి సెంటర్, అలాంటిదే తెలంగాణలో భరోసా సెంటర్, వ్యసనాలు మాన్పించే డీ-అడిక్షన్ సెంటర్. ఇవి ఏమిటో తెలియకపోతే ఏ జిల్లా ఆసుపత్రికైనా ఫోన్ చేయండి, గంటలో మొత్తం చెబుతారు. ఈ చోట్లకు నక్షత్రాలు ఇవ్వమని ఎవరినీ ఎప్పుడూ అడగకండి. మ్యాపులో మా చోటు కనబడనివ్వండి, దారి వెతుక్కుంటూ వచ్చేవాళ్లకు అది కావాలి. వచ్చి వెళ్లినవాళ్లను మాత్రం వదిలేయండి.

ఏ చోటునైనా గుర్తుపెట్టుకునే ముందు అడగండి. మూడోసారి వచ్చినప్పుడు అడగండి, అది కూడా స్క్రీన్ తెరిచి ఉన్నప్పుడు, అప్పుడు ఫోను పట్టుకున్న మనిషిని. వేరే ఫోనులోకి ఆ ప్రశ్న పోకూడదు. జవాబు రాకపోతే వద్దని అర్థం చేసుకోండి. ఏం రాయాలో తోచకపోతే నా మాటలు వాడుకోండి, నాకు పేరేమీ అక్కర్లేదు: “ఈ చోటికి మీరు మూడుసార్లు వచ్చారు. గుర్తుపెట్టుకోమంటారా? వద్దంటే మర్చిపోతాం, మళ్లీ అడగం.” ఇది మా వార్డులో ఆయాకు చదివి వినిపించాను. అర్థమైందా అంటే, “ఇందులో అర్థం కానిది ఏముందమ్మా” అంది.

ఒకే అకౌంటు రెండు ఫోన్లలో ఉంటే, ఒక ఫోను తిరిగిన చోట్లు రెండో ఫోనులో కనబడటం అన్నది వాటంతట అవి జరగకూడదు. ఇది మీకు చిన్న మార్పో పెద్ద మార్పో నాకు తెలియదు. మా వైపు మాత్రం, ఏడేళ్లు క్రమం తప్పని మందు ఆగడానికి ఇదొక్కటే సరిపోయింది.

మీటింగుల్లో ఈ సంగతి వచ్చినప్పుడు, “ఇష్టం లేకపోతే లొకేషన్ ఆపుకోవచ్చు కదా” అని ఎవరో ఒకరు అంటారు. వాళ్లకు ఇది చెప్పండి. 2018 జనవరి 1 నుంచి అమ్మే ప్రతి మొబైల్ ఫోనులోనూ జీపీఎస్ ఉండాలని కేంద్ర ప్రభుత్వం 2016లోనే నియమం పెట్టింది. ఆపదలో ఉన్న ఆడవాళ్ల కోసం పెట్టిన నియమం అది. ఇప్పుడు మా బట్టలు కుట్టే ఆమె మళ్లీ క్రమంగా వస్తోంది, బరువు కాస్త పెరిగింది. పిల్లాడు కూడా ఒకసారి వెంట వచ్చాడు, లోపలికి రాలేదు గానీ బయట వేపచెట్టు కింద నిలబడ్డాడు. కానీ ఆ రోజు నుంచి ఆమెకు ఫోనంటే భయం. మా దగ్గరికి వచ్చే రోజు దాన్ని ఇంట్లోనే, బియ్యం డబ్బా వెనక పెట్టి వస్తోంది. లొకేషన్ ఆపితే చాలమ్మా అని నేనే చూపించి చెప్పాను. నమ్మలేదు.

పోయిన నెల తిరుగు ప్రయాణంలో దారి మధ్యలో బస్సు చెడిపోయింది. ఇంకో బస్సు వచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర. అప్పటిదాకా రోడ్డు పక్కన, ఎవరికీ కబురు చెప్పే దారి లేకుండా కూర్చుంది. ఇంటి దగ్గర పిల్లాడు ఆమె ఫోనుకు చేస్తూనే ఉన్నాడట. బియ్యం డబ్బా వెనక మోగుతుంటే విని, మా సెంటర్ నంబరు వెతికి నాకు చేశాడు. అప్పటికి నేను ఇంటికి వచ్చేశాను, అమ్మ ఎక్కడుందో చెప్పలేకపోయాను.

వచ్చే నెల 12న ఆమె మళ్లీ మందులకు రావాలి.

ఇట్లు,
మీ అక్కలాంటి ఒక స్టాఫ్ నర్సు